వంతెన మీద నిపుణుడు

జూన్ 2

బావమరిదికి,

ఇక్కడ నా మోకాలు తప్ప అందరూ కులాసా. ఆ మోకాలు కూడా వాన వచ్చే ముందు మాత్రమే నోరు విప్పుతుంది, ఆ విషయంలో దాన్ని నమ్మొచ్చు. నమ్మకం మాట ఎలాగూ ఎత్తాను కాబట్టి అసలు సంగతికి వస్తాను. కానీ ముందు ఇంకొకటి.

నీ మేనకోడలు సబ్బుల కంపెనీ ఉద్యోగం మానేసింది. రోజంతా నిలబడి సబ్బులకి కాగితం చుట్టీ చుట్టీ, ఇంటికొచ్చాక చేతికి దొరికిన ప్రతిదాన్నీ చుట్టబోయేది. ఒకరోజు నా కళ్ళజోడు చుట్టింది. కాలవ మీద నడక వంతెన ఉంది చూడు, దాని ఈ చివర చిన్న గది అద్దెకు తీసుకుని టీ కొట్టు పెట్టింది. టీ, వేడి పాలు, బన్ను. అవతలి ఒడ్డున వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళూ, ఆసుపత్రి నర్సులూ పొద్దునా సాయంత్రం ఆ వంతెన దాటాల్సిందే. దాటినవాళ్ళు టీ తాగకుండా ఎలా పోతారని దాని ధీమా. కొట్టు నిలబడితే ఇంకెప్పుడూ ఒకరి కింద పనిచెయ్యనంటోంది. నిలబడకపోతే మళ్ళీ సబ్బులే. నేను గల్లాపెట్టె కింద పరుచుకోమని ఎర్ర గుడ్డ కుట్టి ఇచ్చాను. అంచుకి లేసు కూడా వేశాను. లేసు వెయ్యాలనిపించేంత సంతోషం నా వయసులో తరచుగా రాదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు మనిద్దరి మధ్య జరిగిన రభసని మీ అక్క ఇంకా ఎదురింటివాళ్ళకి అభినయించి చూపిస్తోంది. నా సర్కారు రేడియోని నువ్వు భజన పెట్టె అన్నావు. బస్టాండులో వారానికోసారి నీ చేతిలో ఉచితంగా పెట్టే ఆ పేపర్ని నేను పొట్లాల కాగితం అన్నాను. నువ్వు లేచి నిలబడ్డావు. నేనూ లేవబోయాను గాని మోకాలు ఒప్పుకోలేదు, లేకపోతే ఆ రోజు కథ వేరేలా ఉండేది. తర్వాత ఆలోచించాను. నువ్వు బతుకంతా బస్సు కండక్టరువి. టికెట్ లేనివాణ్ణి వాడి వీపు చూసి పట్టేవాడివి. నేను బతుకంతా దర్జీని. గుడ్డ వేళ్ళ మధ్య నలిపితే చాలు, ఎన్ని ఉతుకులకి వెలుస్తుందో చెప్పగలను. ఇలాంటి మనిద్దరం ఏదీ కళ్ళతో చూడకుండా, చేత్తో ముట్టకుండా అలా అరుచుకోవడం ఏమన్నా బాగుందా?

కాబట్టి పందెం. మా రేడియో మీ ఊరి గురించి ఏం చెప్పిందో నేను నీకు రాస్తాను, నువ్వు స్వయంగా వెళ్ళి చూసి రావాలి. నీ పేపరు మా ఊరి గురించి ఏం వేసిందో నువ్వు రాయి, నేను వెళ్ళి చూస్తాను. ఓడినవాడు ఏడాదిపాటు గెలిచినవాడి వార్తలతోనే బతకాలి. ఫోన్లు వద్దు, అంతా ఉత్తరాల్లోనే. ఫోన్లో అయితే అన్న మాట అనలేదంటావు, పైగా నాకు చెవుడంటావు. జడ్జి మీ అక్క. తమ్ముడివని నీవైపు మొగ్గుతుందని ఆశపడకు, ఆవిడ మనిద్దర్నీ సమానంగానే చులకన చేస్తుంది.

ఇదిగో మొదటి వార్త. నిన్న ఉదయం బులెటిన్‌లో చెప్పారు: మీ ఊళ్ళో కొత్త పార్కు ప్రారంభమైంది, ప్రజలు ఆనందంగా విహరిస్తున్నారు. వెళ్ళి నువ్వూ కాస్త విహరించి రా.

మా చెల్లెల్ని అడిగానని చెప్పు.

మెళ్ళో టేపుతోనే అన్నం తినే,
నీ బావ


జూన్ 9

బావా,

పందేనికి సై. ఏడాదంతా నా పేపరు చదవడానికి కళ్ళజోడు తుడిచి పెట్టుకో.

పార్కుకి వెళ్ళా. పార్కు ఉంది. కోసిన రిబ్బను కూడా ఉంది, గేటుకి రెండు ముక్కలుగా వేలాడుతోంది. దాని పక్కనే తాళం ఉంది. ప్రారంభించారు, వెంటనే తాళం వేశారు. కాపలావాణ్ణి అడిగా.

"ఏమయ్యా, ప్రజలు ఆనందంగా విహరిస్తున్నారటగా?"

"ఎక్కడ సార్?"

"లోపల."

"లోపలికి ఎవర్నీ పంపొద్దన్నారు సార్, గడ్డి పాడవుతుందట."

"మరి రేడియోలో చెప్పారే."

"రేడియోలో పార్కు వేరే సార్" అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

పందెం సంగతి వివరించా. శ్రద్ధగా విని, ఒక్క మనిషైనా విహరిస్తే రేడియో పరువు దక్కుతుందేమోనని తాళం తీశాడు. విహరించా. ఆనందంగా కూడా విహరిద్దామని బల్లమీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. ఆకుపచ్చ రంగు బావా. పచ్చిది. లేచేసరికి బల్ల చెక్కలన్నీ నా ప్యాంటు వెనక అచ్చుపడ్డాయి, ఐదు అడ్డ చారలు. బస్సెక్కి ఇంటిదాకా నిలబడే వచ్చా. కండక్టరు కొత్తవాడు, "కూర్చోండి తాతగారూ, సీటుంది" అని ప్రాణం తీశాడు. ఇంటికొచ్చాక మీ చెల్లెలు గుమ్మం దగ్గరే ఆపి, మనిషిని రానిచ్చింది గాని ప్యాంటుని రానివ్వలేదు.

నువ్వు కుట్టిన ప్యాంటే, మంచి గుడ్డ. పార్సిల్ చేసి పంపుతున్నా. మరక పోతే తిరిగి పంపు. పోకపోతే నువ్వే ఉంచుకో, నీ రేడియో ఇచ్చిన బహుమతి అనుకో.

ఇక నా పేపరు. నిన్నటి నాలుగో పేజీలో, మంచాల కొట్టు ప్రకటన కింద వేశారు: "నడక వంతెనకు పగులు?" అది మీ వంతెనే. మేనకోడలి కొట్టు పక్కనే కదా, నీకు బస్సు ఛార్జీ కూడా దండగ కాదు. చూసి రాయి. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, నా పేపరు నా దగ్గర పైసా పుచ్చుకోదు, సర్కారు దగ్గరా పుచ్చుకోదు. కాబట్టి దానికి ఎవరి భయమూ లేదు.

రైట్ రైట్.
నీ బావమరిది


జూన్ 17

బావమరిదికి,

దానికి ఎవరి భయమూ లేదన్నావు. మంచాల కొట్టువాడి భయం లేదా? ఆ పేపర్లో ఇంతవరకూ నడుంనొప్పి గురించి ఒక్క ముక్కయినా చదివావా?

సరే, పార్కు విషయంలో న్యాయంగా మాట్లాడుకుందాం. ప్రారంభించారన్నారు, ప్రారంభించారు. విహరిస్తున్నారన్నారు, నువ్వు విహరించావు. నాకు సగం మార్కులైనా వెయ్యాలని మీ అక్క ముందు వాదించాను. "ఆ సగమూ మా తమ్ముడి ప్యాంటు వేసింది" అంది ఆవిడ.

ప్యాంటు మాటకొస్తే, మరక పోలేదు. కిరసనాయిలు పోశాను, ఎండలో వేశాను, తిట్టాను కూడా. చారలు మాత్రం ఇంకా నిగనిగలాడుతున్నాయి. పారెయ్యడానికి చేతులు రాక, నీ నడుములోంచి రెండు మడతలు తీసేసి, పొడుగు తగ్గించి నేనే తొడుక్కున్నాను. నీలో ఎంత మనిషి అనవసరంగా ఉన్నాడో కత్తిరించాకే తెలిసింది. వెనకవైపు నాకు ఎలాగూ కనపడదు. లోకానికి కనపడితే అది లోకం బాధ.

ఆ ప్యాంటులోనే వంతెన చూడ్డానికి వెళ్ళాను. గొడుగు పట్టుకున్నాను, మెళ్ళో టేపు ఉంది. టేపు లేకుండా వీధిలోకి వెళ్తే నాకు చొక్కా లేకుండా వెళ్ళినట్టుంటుంది. పగులు ఉంది. వంతెన మధ్యలో దీపస్తంభం ఉంది కదా, దాని మొదట్లో సిమెంటు పూత చిట్లింది. పైన చూసి తృప్తిపడే రకాన్ని కాదు కాబట్టి, బోర్లా పడుకుని, తల వంతెన అంచునుంచి కిందకి వేలాడేసి అడుగున కూడా చూశాను. దారిన పోయే నర్సమ్మ ఒకావిడ పాపం నా గొడుగు పట్టుకుంది. అడుగున ఏమీ లేదు, రాయిలా ఉంది. టేపు పెట్టి కొలిచాను, పైన పగులు నాలుగంగుళాలు.

లేచేసరికి చుట్టూ జనం. అందులోంచి బక్కపల్చటి మనిషొకడు, భుజాన కెమెరా ఉంది, ముందుకొచ్చి ఎంతో మర్యాదగా పలకరించాడు.

"పగులుందా సార్?"

"ఉంది. నాలుగంగుళాలు. అయితే అది పైపూతలోనే. గుడ్డకి ఏమీ కాలేదు, పైన కుట్టిన లేసు ఊడింది, అంతే. రెండు కుట్లు వేస్తే సరిపోతుంది."

"మీరు ఏ విభాగం సార్?"

"కటింగూ నేనే, కుట్టూ నేనే."

"ఎంత అనుభవం సార్?"

"నీ వయసుకి రెండింతలు."

నా దగ్గర చొక్కాలు కుట్టించుకున్నవాళ్ళెవరూ నన్నంత గౌరవంగా చూడలేదు. ఏదో పుస్తకంలో రాసుకుని, సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ రోజుల్లో కూడా పెద్దవాళ్ళని పలకరించి మంచీ చెడూ కనుక్కునేవాళ్ళున్నారు, అది చూసి కడుపు నిండింది. తర్వాత అమ్మాయి కొట్లో టీ తాగాను. అది నాకోసం పాలు ఎక్కువ పోసింది.

కాబట్టి తీర్పు: వంతెన గట్టిగా ఉంది, నీ పేపరు వదులుగా ఉంది. రాసుకో, నాకొక మార్కు.

వెనకనుంచి అందంగా లేని,
నీ బావ


జూన్ 24

బావా,

హోల్డాన్. పందెం పక్కన పెట్టు.

నువ్వు పైపూత అని రాసిన ఉత్తరమూ, ఈ వారం పేపరూ ఒకే రోజు నా చేతికొచ్చాయి. పేపర్లో మొదటి పేజీ. మొదటి పేజీ బావా, మంచాల ప్రకటన కూడా లోపలికి జరిగింది. చదువుతా విను. "వంతెనకు నాలుగంగుళాల పగులు నిజమే. దశాబ్దాల అనుభవం గల నిపుణుడు ప్రత్యేక పరికరంతో కొలిచి నిర్ధారించారు. వెంటనే మరమ్మతు అవసరమని ఆయన హెచ్చరించారు."

అయినా నేను తొందరపడలేదు. నా పేపర్ని నేనే అనుమానించి, మంగలి షాపుకి పోయి నీ రేడియో విన్నా. నీ రేడియో ఏమందో తెలుసా? "నడక వంతెనను నిపుణుల బృందం పరిశీలించింది. ప్రజలు ఆందోళన చెందాల్సిన పనిలేదు. అధికారులు పరిస్థితిని గమనిస్తున్నారు." పేపర్లో ఒక నిపుణుడు, రేడియోకి వచ్చేసరికి బృందం. అంటే ఒక్కడి వల్ల కాక ఇంకా మనుషుల్ని పంపారన్నమాట. పైగా ఆందోళన వద్దట. "బ్రేకులు బాగానే ఉన్నాయి, అందరూ కూర్చోండి" అని నేను బస్సులో ఎప్పుడు అనేవాణ్ణో తెలుసా? బ్రేకులు బాగా లేనప్పుడే.

ఇన్నేళ్ళలో నా పేపరూ నీ పెట్టే ఒక్క మాట మీద నిలబడ్డం ఇదే మొదటిసారి. వాటికి తోడు నువ్వు. నువ్వూ నాలుగంగుళాలే అని రాశావు, ఆ నిపుణుడూ సరిగ్గా నాలుగంగుళాలే అన్నాడు. ముగ్గురు సాక్షులు, ఒకటే మాట. ఇంకా అనుమానమేముంది? లేసు ఊడిందీ, దారం తెగిందీ అని నువ్వు కబుర్లు చెప్పకు, అది లంగా కాదు, వంతెన.

మేనకోడలికి వేరే ఉత్తరం రాశా. కొట్టు మూసెయ్యమ్మా, వంతెన పడితే ముందు పోయేది నీ కొట్టే, ప్రాణం ముఖ్యం అని. మేనమామని, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది. నువ్వు అడ్డుపడకు.

మీ చెల్లెలు కూడా గాబరాగా ఉంది.

నీ బావమరిది


జూలై 1

బావమరిదికి,

ఇప్పుడు మోకాలొక్కటే కులాసా. మిగతా ఎవరూ బాగా లేరు.

కొట్టు వెలవెలబోయింది. నర్సులంతా పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తున్నారు. వర్క్‌షాపులవాళ్ళు ఒకరిద్దరు ధైర్యం చేసి వంతెన దాటుతున్నారు గాని, దాటేటప్పుడు ఎంత పరుగంటే టీకి ఆగే ఊసే లేదు. రోజూ పాలు మిగిలిపోతున్నాయి, పారెయ్యలేక మీ అక్క పొద్దునా సాయంత్రం నాచేత తాగిస్తోంది. నిన్న అద్దంలో చూసుకుంటే దూడలా ఉన్నాను.

నీ ఉత్తరం అమ్మాయికి అందింది. రెండుసార్లు చదివి, మడిచి, నేను కుట్టిచ్చిన ఎర్ర గుడ్డ కింద పెట్టింది. సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగింది.

"నాన్నా, నువ్వు పడుకుని చూశావుగా. ఏమంటావు?"

నేను ఏమన్నానో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. "నేను దర్జీని తల్లీ, నాకేం తెలుసు. నిపుణుడే చెప్పాక" అన్నాను.

ఏం చెయ్యను చెప్పు. నా రేడియో చెప్పింది. నీ పేపరు చెప్పింది. నేను చూసినప్పుడు పైపూతే అనిపించింది గాని, నా తర్వాత వచ్చినాయన చదువుకున్నవాడు, పరికరాలున్నవాడు. ఆయనకి నాకు కనపడనిదేదో కనపడి ఉంటుంది. నేనింకో అరగంట అక్కడే ఉంటే ఆయన్ని చూసే భాగ్యం కలిగేది. నేను పడుకున్న చోటే ఆయనా పడుకుని ఉంటాడు. కొలతయినా ఆయన కొలతకి సరిపోయింది కదా అని ఒక మూల కాస్త గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

మీ అక్క మాత్రం ఒప్పుకోవడం లేదు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఈయన టేపు ఒక్క పోగు కూడా తప్పలేదు. వాడెవడో మొహం కూడా తెలియనివాడు చెప్పాడని ఈయన కళ్ళని ఈయనే కాదంటున్నాడు" అని గిన్నెలతో చెబుతోంది. నాతో చెబితే నేను వాదిస్తానని.

పదిహేనో తేదీన గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళకి తాళంచెవి ఇచ్చేస్తానంది అమ్మాయి. సబ్బుల కంపెనీకి కబురు కూడా పంపింది. నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, కొలతకి సరిపోని చొక్కా తొడుక్కున్నట్టుంది.

పాలు తాగడానికి పిలుస్తున్నారు.

నీ బావ


జూలై 5

బావా,

నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

ఈ వారం పేపర్లో ఆ నిపుణుడి ఫొటో వేశారు. మొహం లేదు, వీపే. వంతెన అంచున బోర్లా పడుకుని, తల కిందకి వేలాడేసి, పక్కన ఒకావిడ గొడుగు పట్టుకుని ఉంది. నేను భక్తిగా చూస్తున్నా. మీ చెల్లెలు నా భుజం మీంచి తొంగిచూసి, "ఏవండీ, ఇది మీ ప్యాంటు కాదూ?" అంది.

కళ్ళజోడు పెట్టుకుని చూశా. ఐదు చారలు బావా. అడ్డంగా. నేను కూర్చున్న బల్ల, చెక్క తర్వాత చెక్క, మీ వంతెన మీద పడుకుని ఉంది.

ఆ నిపుణుడివి నువ్వే. ప్రత్యేక పరికరం నీ మెళ్ళో టేపు. బృందమంటే నువ్వూ, నీ గొడుగు పట్టుకున్న నర్సమ్మా. మర్యాదగా పలకరించాడని మురిసిపోయావే, ఆ బక్కపల్చటాయనే నా పేపరువాడు. నువ్వు చెప్పిన రెండు ముక్కల్లో పగులు ఉంచుకుని పైపూత పారేశాడు. దాన్ని చూసి నీ రేడియో చెప్పింది. రెండింటినీ చూసి నేను అమ్మాయికి రాశా. అన్నిటినీ చూసి నువ్వు నిన్నే నమ్మడం మానేశావు. ముగ్గురు సాక్షులని నేను లెక్కపెట్టా చూడు, ముగ్గురూ ఒకే ప్యాంటులోంచి దిగారు. అదీ నాది. బతుకంతా టికెట్లు చూసినవాణ్ణి, ఒకే టికెట్ మీద ముగ్గురు ఎక్కితే పట్టుకోలేకపోయా.

ఫొటో కత్తిరించి ఇందులో పెట్టా. మీ ఇంట్లోకి ఆ పేపరు రానివ్వవని తెలుసు, ఈ ఒక్క ముక్కని రానియ్యి.

మేనకోడలికి ఇంకో ఉత్తరం వేశా, మొదటిదాన్ని చింపెయ్యమని. కానీ జనానికి ఎవరు చెప్తారు? పదిహేను దగ్గర పడుతోంది. కదులు బావా, కదులు.

రైట్ రైట్ రైట్.
నీ బావమరిది


జూలై 18

బావమరిదికి,

నీ ఉత్తరం చదివి ఆ ప్యాంటు వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత దాన్నే తొడుక్కుని బయల్దేరాను.

ముందు రేడియో ఆఫీసు. నావాళ్ళు కదా అని. టేబుల్ వెనక ఒక అధికారి, ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా రెండు మోచేతులూ ఆనించి కూర్చున్నాడు.

"ప్రజలు ఆందోళన చెందాల్సిన పనిలేదన్నాం. ఉందా?"

"లేదండీ."

"మరి మేం సవరించుకోవాల్సిందేముంది?"

"నిపుణుల బృందం అన్నారండీ. అది నేనొక్కణ్ణే."

నన్ను కిందకీ పైకీ చూశాడు. "మీరు బృందం తరఫున వచ్చారా?"

"బృందమే లేదండీ."

"అయితే ఆ మాట బృందం వచ్చి చెప్పాలి."

అసలు ఈ కబురు మీకెక్కడిదని అడిగితే, పేపర్లో వచ్చిందిగా అన్నాడు. సరేనని పేపరు ఆఫీసుకి వెళ్ళాను. మంచాల కొట్టు మేడమీదే ఉంది, మెట్ల నిండా పరుపులు. ఆ బక్కపల్చటాయన నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. సంగతి చెప్పాను. మొహం పాలిపోయింది. "కానీ రేడియోలో కూడా చెప్పారు కదండీ, దాంతో మాది నిజమేనని తేలిపోయిందనుకున్నాం" అన్నాడు. మనిషి మంచివాడే. సవరణ వేస్తానన్నాడు. ఈ వారం పేజీలన్నీ పరుపులకి పోయాయి, వచ్చేవారం అగ్గిపెట్టంత చోటు దొరుకుతుందన్నాడు. వచ్చేవారమంటే పదిహేను దాటిపోతుంది.

ఇంటికొచ్చి మీ అక్కతో చెబితే, "అందరినీ అడిగారు. చూసింది మీరు కదా, మీరే చెప్పండి" అంది. అంతే.

పదమూడో తేదీ పొద్దున్నే ఇద్దరు వర్క్‌షాపువాళ్ళ చేత కుట్టుమిషను మోయించి, వంతెన నడిమధ్య, ఆ దీపస్తంభం పక్కనే వేయించాను. ఇనప మిషను, దాని ముందు నేను, నా ఒళ్ళో మీ అక్క కూడబెట్టిన పాల గిన్నె. పడేదైతే ముందు మేమే పడతాం. చిరిగిన జేబులూ, ఊడిన గుండీలూ ఉచితంగా కుడతానని రెండు చివర్లా అట్టలు కట్టించాను. ఉచితమంటే జనం ఎలా వస్తారో నీ పేపర్ని చూసే నేర్చుకున్నాను.

చాలాసేపు ఎవరూ రాలేదు. రెండు ఒడ్డుల మీదా నిలబడి, నేను ఎప్పుడు పడతానా అని చూశారు. మిషను తొక్కుతూనే ఉన్నాను. చివరికి ఆ గొడుగు నర్సమ్మే చినిగిన జేబు పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.

"నిపుణుడు మీరే కదా బాబాయిగారూ? నాకప్పుడే అనుమానమొచ్చింది, నిపుణులు అలాంటి ప్యాంటు వేసుకోరని."

"నేనే నిపుణుణ్ణి, నేనే బృందాన్నమ్మా. పగులు పైపూతలో ఉంది. అదిగో, నువ్వే చూడు."

వంగి చూసింది. వేలు పెట్టి గీకింది. పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది, లోపల వంతెన చెక్కుచెదరలేదు. ఒడ్డుమీద వాళ్ళకి ఆ పెచ్చు ఎత్తి చూపించింది. తర్వాత వచ్చినవాళ్ళంతా గుండీ కంటే ముందు ఆ స్తంభం దగ్గర వేలు పెట్టి చూసుకున్నాకే నా దగ్గరికొచ్చారు. మధ్యాహ్నానికి ఒడ్డుదాకా వరస. వరసలో నిలబడ్డవాడు ఏం చేస్తాడు? టీ తాగుతాడు. అమ్మాయి గ్లాసులు పట్టుకుని వంతెన మీద అటూ ఇటూ పరుగులు, దాని టీ చాలా బాగుంటుంది మరి. పాలు చాలక, నా ఒళ్ళో గిన్నె కూడా లాక్కుపోయింది. నేను అడ్డుపడలేదు.

ఆ గోల విని పద్నాలుగున అసలు ఇంజనీరు నిజంగానే వచ్చాడు. ఆయనా బోర్లా పడుకున్నాడు. ఆయన టేపు ఉక్కుది. ఎంతొచ్చిందండీ అని అడిగాను. "నాలుగంగుళాలు" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం గురించి రాయాలంటే లేసు కావాలి. పైపూతేనని కాగితం మీద రాసి సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళాడు.

పదిహేనున తాళంచెవి అడగడానికి ఇంటివాళ్ళు వచ్చారు. కూర్చోడానికి చోటు లేక నిలబడే టీ తాగి వెళ్ళిపోయారు. తాళంచెవి ఎర్ర గుడ్డ కిందే ఉంది.

ఇక మన వార్తలవాళ్ళ సంగతి. మర్నాడు రేడియో: "వంతెనపై ఉచిత కుట్టు శిక్షణ కేంద్రం ప్రారంభమైంది, ప్రజలు ఆనందంగా నేర్చుకుంటున్నారు." నీ పేపరు: "వంతెన మీద నిపుణుడి నిరసన దీక్ష." కానీ ఉన్నమాట చెప్పాలి కదా. నిన్న రేడియోలో ఇంజనీరు రాసిన కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు, ఎవరు రాశారో ఎప్పుడు చూశారో చెప్పి మరీ చదివారు. నీ పేపరు కూడా మాట నిలబెట్టుకుంది, అగ్గిపెట్టంత చోట్లో "ఆయన నిపుణుడు కారు, దర్జీ. పొరపాటు మాదే" అని వేసింది. మొదటి సగం నాకు నచ్చలేదు గాని రెండో సగానికి దణ్ణం పెట్టాను.

మీ అక్క తీర్పు: ఇద్దరం ఓడిపోయాం. ఏడాదిపాటు నేను నీ పేపరు చదవాలి, నువ్వు నా రేడియో వినాలి. ఏం విన్నా ఏం చదివినా, ఎవరు వెళ్ళి చూశారని అడగకుండా ఒకరికొకరు రాసుకోకూడదు. తీర్పు మీద అప్పీలు లేదు.

శిక్షణ కేంద్రం అధిపతి,
నీ బావ


జూలై 27

బావా,

అక్క తీర్పు అమలు చేస్తున్నా. పొద్దున్నే రేడియో పెడుతున్నా, మీ చెల్లెలు నన్ను జాలిగా చూస్తోంది.

మొన్న రేడియోలో మళ్ళీ మా పార్కు గురించి చెప్పారు, ప్రజలు విహరిస్తున్నారని. ఎవరు వెళ్ళి చూశారు? ఎవరో చెప్పలేదు. నేనే వెళ్ళా. గేటు బార్లా తీసుంది. నిజంగానే జనం ఉన్నారు, గడ్డి నిజంగానే పాడైపోయింది. కాపలావాడు నన్ను గుర్తుపట్టి, "ఇప్పుడు రెండు పార్కులూ ఒకటే సార్" అన్నాడు. బల్లమీద కూర్చునే ముందు అరచేత్తో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమి చూశా. పక్కన కూర్చున్నాయన లేచి వేరే బల్లకి వెళ్ళిపోయాడు.

ఇక ఒక ముఖ్యమైన సంగతి. మేనకోడలి టీ చాలా బాగుంటుందని నువ్వు రాశావు. అక్క ఆ ఉత్తరం అంచులోనే చిన్న అక్షరాలతో అదే మాట రాసింది. నిన్న అమ్మాయి కూడా రాసింది, పైగా నా మొదటి ఉత్తరం చింపలేదట, గ్లాసుల కింద పరిచిందట. ముగ్గురు చెప్పారు. కానీ ముగ్గురూ ఒకే ఇంట్లోవాళ్ళు, నేనింక మోసపోను.

అందుకే శనివారం మొదటి బస్సుకి వస్తున్నా. అవతలి ఒడ్డున దిగి, వంతెన నడిచి దాటి వచ్చి, తాగి చెప్తా.

నీ బావమరిది